అత్తగారి కారుకి కొత్త చక్రాలు

చక్రాల దుకాణంలో పనిచేసే ఆ అల్లుడికి అత్తగారంటే వల్లమాలిన అభిమానం. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చుంటే కాళ్లూ చేతులూ కట్టేసినట్టుంటుందని, మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి పుండ్లు కడిగి కట్లు కట్టి వచ్చేది. ఆ తిరుగుడు కోసమే లేటు వయసులో డ్రైవింగ్ నేర్చుకుని ఓ పాత చిన్న కారు కొనుక్కుంది. నీడ అడ్డొచ్చినా అమ్మ బ్రేకు వేస్తుందని కూతురు ఆటపట్టించేది. ఆవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు స్టీరింగు పట్టుకుని తన దారిన తాను పోయేది.

ఆవిడ పుట్టినరోజుకి ఏదైనా గొప్పగా ఇవ్వాలనుకున్నాడు అల్లుడు. ఆ కారు చక్రాలు మడ్‌గార్డుల్లోకి పీక్కుపోయిన బుగ్గల్లా ఉండేవి. దుకాణంలో వెండిరంగు అల్లాయ్ చక్రాల సెట్టు ఒకటి ఎప్పటినుంచో అతణ్ని ఊరిస్తోంది. అవి బిగిస్తే చక్రం మడ్‌గార్డు అంచుకి సమంగా వచ్చి కారు పెళ్లికొడుకులా ఉంటుందనిపించింది.

చిక్కల్లా ఆఫ్‌సెట్ దగ్గరే. చక్రాన్ని కారుకి ఆనించి బోల్టులు బిగించే చోటు, చక్రం వెడల్పుకి నడిమి గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె అది. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. కారుతో వచ్చిన చక్రాల మీద నలభై అయిదని ఉంది. వీటి మీద ఇరవై. దుకాణం యజమాని చూసి, ఈ కారుకి నలభైకి కిందకి దిగవద్దనీ, చక్రం మరీ బయటికొస్తే గుంతల్లో స్టీరింగు చేతుల్లోంచి లాక్కుంటుందనీ చెప్పాడు. అయినా అల్లుడు బిగించేసి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూశాడు. టైరు ఎక్కడా రాసుకోలేదు. దుకాణం ముందు నున్నటి సిమెంటు నేల మీద ఓ చుట్టు తిప్పాడు. వెన్నలా పోయింది. మెల్లగా నడిపే మనిషికి ఇంకేం కావాలనుకున్నాడు.

అత్తగారు మురిసిపోయింది. పాత చక్రాలు ఎవరికో ఇచ్చేశాడు.

కొన్నాళ్లకి ఆవిడ, చెప్పాలా వద్దా అన్నట్టు నసుగుతూ అంది. "బాబూ, గుంతలో పడ్డప్పుడు స్టీరింగు నా చేతుల్ని విదిలించుకుని పక్కకి పోతోంది. కారులో ఏమైనా ఉందంటావా?"

యజమాని మాట అతనికి చటుక్కున గుర్తొచ్చింది. గుర్తొచ్చినదాన్ని అంతే చటుక్కున పక్కకి నెట్టేశాడు. అందరిలో తను ఇచ్చిన కానుక అది. తప్పు చక్రాలు ఇచ్చానని ఏ మొహంతో చెప్పడం?

"కారు లక్షణంగా ఉందత్తయ్యా. మీకే మణికట్లలో బలం తగ్గుంటుంది. ఓసారి డాక్టరుకి చూపించుకోండి" అన్నాడు.

ఆవిడ తన చేతుల వంక చూసుకుని, సరేనంది.

తర్వాత ఓ రోజు ఆవిడ, తను కట్లు కట్టే ఒక ముసలి దర్జీ ఇంటికి కాలువ పక్క సందులో మలుపు తిరుగుతుండగా ముందు చక్రం గుంతలో పడింది. స్టీరింగు గిరుక్కున తిరిగి, కారు గేటు పక్కనున్న పూలకుండీల మీదికెక్కింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుండీల అవతల ఒక చిన్నపిల్ల సైకిలు పడి ఉంది. పిల్ల అంతకుముందే నీళ్లు తాగడానికి లోపలికెళ్లిందట. ఆవిడ దర్జీ కాలికి కట్టు కట్టి, కారు అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. రోగులందర్నీ ఇంకో నర్సుకి అప్పజెప్పి, తాళాలు కూతురి చేతిలో పెట్టింది. వయసైపోయింది, ఇక చాలంది. అందరూ మంచి పని చేశావన్నారు. అల్లుడూ అన్నాడు.

కూతురు ఆ కారులో ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే సంచీ సోఫాలో పడేసి, "ఈ కారు నా చేతుల్ని పీకేస్తోంది. నాకూ మణికట్లు పోయాయంటావా?" అని మొగుణ్ని అడిగింది.

అతను తాళాలు తీసుకుని రాళ్లు తేలిన రోడ్డు మీదికి పోయాడు. మొదటి గుంతకే స్టీరింగు అతని గట్టి చేతుల్ని కూడా విదిలించింది. కారు వెనక్కి తిప్పి దుకాణానికి పోనిచ్చాడు. దుకాణంలో వెతికి నలభై అయిదు ఆఫ్‌సెట్ ఉన్న మామూలు ఇనుప చక్రాలు బిగించి, మళ్లీ అదే రోడ్డు మీద నడిపి చూసి, తిన్నగా అత్తగారింటికి వెళ్లాడు.

ఆవిడ బట్టలు మడతపెడుతోంది. అతను నిలబడే అంతా చెప్పాడు, యజమాని హెచ్చరించిన సంగతి కూడా దాచకుండా. రోగి చెప్పే బాధ విన్నట్టు ఆవిడ అడ్డు రాకుండా వింది.

"అయితే ఆ రోజు నేను చెప్పింది నిజమేనన్నమాట."

"నిజమే అత్తయ్యా."

"నువ్వు చెప్పావని డాక్టరు దగ్గరికీ వెళ్లాను బాబూ. మీ చేతులకేం, రాయిలా ఉన్నాయన్నాడు. నేనే ఆయన్ని నమ్మలేదు. కార్ల సంగతి నీకు తెలుసు కదా అని నిన్ను నమ్మాను."

ఆవిడ చేతిలోని బట్ట పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని, పద చూద్దామంది.

ఆవిడే నడిపింది. అతను పక్క సీట్లో కూర్చున్నాడు. కారు మాట వింటోంది. కాలువ పక్క సందులోకి తిరిగేసరికి దర్జీ ఇంటి ముందు కొత్త నర్సు స్కూటరు నిలబెట్టి ఉంది. తెరిచిన కిటికీలోంచి ఆ అమ్మాయి గొంతూ, దానికి దర్జీ నవ్వూ వినిపించాయి. మళ్లీ పనిలోకి వెళ్తారా అని అడుగుదామని దారి పొడుగునా అనుకుంటున్న అల్లుడు ఆ మాట మింగేశాడు.

"ఆ పిల్ల రోగుల్ని బాగా చూస్తోందట. ఇప్పుడు నేనెళ్లి దాని పని లాక్కుంటానా?" అందావిడ, అతను అడక్కపోయినా.

కారు వేగం తగ్గింది కానీ ఆగలేదు. సందు చివర ఆవిడ సిగ్నల్ వేసి, రెండు పక్కలా చూసుకుని, ఎక్కడా తడబడకుండా పెద్ద రోడ్డు మీదికి తిప్పింది.