మోచేత్తో చూడాల్సిన నీళ్లు

ఆమె భయం ఒక్కటే. తొమ్మిది నెలల పాప మీద అత్తగారు ఏదో ఒకరోజు మరిగే నీళ్లు పోసేస్తుంది. పగతో కాదు, ముద్దుచేస్తూనే పోసేస్తుంది.

మంగళవారం అంతపనీ అయ్యేదే. బట్టలు ఆరేసి వచ్చేసరికి స్నానాలగదిలో బకెట్ నిండా పొగలు. తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బు పక్కన పెట్టుకుని, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని అత్తగారు చెంబు ముంచబోతోంది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, చన్నీళ్లు కలపడం తప్ప. కోడలు పరుగున వెళ్లి నీళ్లలో మోచెయ్యి పెట్టి కెవ్వుమంది.

"నీళ్లు కాచడం కూడా రాదు, పైగా అరుపులొకటి!" అంది అత్తగారు.

మోచేతి మీది బొబ్బ చూపిస్తే భర్త పేపర్లోంచి తల ఎత్తలేదు. "నన్ను పెంచింది ఆ చేతులే. వయసొస్తే మతిమరుపు రాదా? నీ వంటయ్యేదాకా పాపని అమ్మకివ్వు, ఆవిడకీ కాలక్షేపం." ఆడపడుచు ఫోన్లో ఇంకో మెట్టెక్కింది. "చూడమ్మాయ్, పని తప్పించుకోవాలంటే వేరే వంక వెతుక్కో."

శుక్రవారం అత్తగారిని నెలవారీ పరీక్షకి తీసుకెళ్తే, ఆసుపత్రిలో డాక్టరమ్మ కంప్యూటర్ మీద రెండు తలకాయల బొమ్మలు చూపించింది, ఒకటి మామూలు మనిషిది, ఒకటి అత్తగారిది. చుక్కలు, వాటిని కలుపుతూ రంగు గీతలు. "ఈ చుక్కలు ఒక్కో పని చూసే చోట్లు. గీతలు వాటి మధ్య రాకపోకలు. మీ అమ్మగారికి ఈ గీతలే పలచబడిపోతున్నాయి." భర్త అంతా తెలిసినట్టు తలూపాడు. గదిలో కుర్చీలు రెండే, వాటిలో తల్లీకొడుకులు కూర్చున్నారు కాబట్టి ఆమె పాపనెత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆవిడకి రాత్రి వేసే మాత్ర ఏ రంగు?" అని అతన్ని అడిగింది డాక్టరమ్మ.

"పసుపు... కదూ?"

"గులాబీ," అంది గుమ్మంలోంచి. ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ అతని మెడ ఆమెవైపే తిరిగింది. చివరికి ఆమే అడిగింది. "అంటే డాక్టర్ గారూ, నీళ్లు కాచడం గుర్తుంటుంది, పాప మీద ముద్దూ ఉంటుంది, ఆ నీళ్లు పాపని కాలుస్తాయన్న గీత మాత్రం ఉండదు. అంతేనా?"

డాక్టరమ్మ మొదటిసారి ఆమెని చూసింది. "అంతే. పాపని ఆవిడ దగ్గర ఒంటరిగా వదలకండి."

మెట్లు దిగుతుంటే భర్త పళ్లు నూరాడు. "పది గట్టెక్కని దానివి, డాక్టర్ ముందు నా పరువు తీస్తావా? డాక్టర్లు అలాగే భయపెడతారు. రేపట్నుంచీ మామూలే."

మామూలే! అత్తగారి మాత్ర, గ్యాస్ కట్టేయడం, ఇతగాడి మేజోళ్లు, పాప పాలు, ముసలావిడ తడిసిన పక్కబట్టలు. ఆ ఇంట్లో గీతలన్నీ తనలోంచే పోతున్నాయి. తను పక్కకి జరిగితే మిగిలేవి చుక్కలే. ఆమెకి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

ఆదివారం పొద్దున్న సంచీతో హాల్లోకొచ్చింది. "మీ అమ్మగారి స్నానం పదింటికి. పాపని ఆవిడకివ్వనని మీరు మాటిచ్చేదాకా మేం మా అక్క దగ్గరుంటాం."

"మా అమ్మని వదిలేసి పోతావా?"

"లేదు, మీకు అప్పగించి పోతున్నాను."

"జాగ్రత్తగా వెళ్లమ్మా, ఎవరి పిల్లవో గానీ," అంది అత్తగారు, పాప బుగ్గ పుణుకుతూ. గుమ్మం దాటేటప్పుడు ఆమె కాళ్లు ఆగింది ఆ ఒక్క మాటకే.

మీరెవరైనా అటువైపు వెళ్తే, మందులషాపు పైన మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు తట్టండి. కొడుకు వచ్చి అంతా బాగానే ఉందంటాడు. నమ్మకండి. లోపలికి వెళ్లి, పెద్దావిడకి పెట్టిన నీళ్లలో ముందు మీ మోచెయ్యి పెట్టి చూడండి.