మావయ్య గొంతు కోసం కొన్న పెట్టె

ఆదివారం లోపల చేయాల్సిన పనులు ఇవి. రికార్డరు కొనాలి. అది ఆరేడు గంటలు ఆగకుండా పనిచేస్తుందో లేదో ఇంట్లో పరీక్షించాలి. ఇంకో మెమరీ కార్డు దగ్గర పెట్టుకోవాలి. సౌండు మిక్సరు నుంచి వచ్చే వైరుకి సరిపోయే పిన్ను వెతకాలి. జనం ఇచ్చే పలకరింపు చీటీలన్నీ ముందుగానే సేకరించి శుభ్రంగా టైపు చేయాలి. మావయ్యకి తేనె కలిపిన వేడినీళ్లు ఫ్లాస్కులో పోసి పెట్టాలి. శనివారమంతా ఆయన్ని ఎవరితోనూ మాట్లాడనివ్వకూడదు.

ఆఖరిది తప్ప అన్నీ చేశాను.

మా అమ్మకి అన్నయ్య, ఎవోదియో త్లాపలే. మెక్సికో నగరంలో పెన్యోన్ అనే పేట మాది. పెన్యోన్‌లో పుట్టినవాళ్లెవరికీ ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. నిలువెత్తు స్పీకర్లు నాలుగు, రికార్డులు తిప్పే పళ్లేలు రెండు, కుంబియా అనే డాన్సు పాటల రికార్డులు నిండిన ట్రంకు పెట్టెలు, ఒక మైకు. ఈ సరంజామా అంతటికీ 'గోలొంద్రీనా' అని పేరు పెట్టుకుని నలభై ఏళ్లుగా వీధుల్లో జనాన్ని ఆడిస్తున్నాడు. ఆదివారం మా వీధిలో ఆయన ఆఖరి కార్యక్రమం, మంగళవారం ఆపరేషను. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. "మనిషి దక్కుతాడు, గొంతు దక్కదు" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

పాటలు ఎవరైనా వేస్తారు. మా దగ్గరికి జనం వచ్చేది పలకరింపుల కోసం. పాట నడుస్తూ ఉండగానే దాని మీద పేర్లు చదువుతాడు మావయ్య. చేతి రుమాలు కాగితం మీదో, చెప్పుల డబ్బా మూత మీదో తమ పేర్లు, తమవాళ్ల పేర్లు రాసి జనం గాల్లోకి ఎత్తి చూపిస్తారు. స్పీకర్లోంచి పేరు వినబడకపోతే ఆ మనిషి డాన్సుకి వచ్చినా రానట్టే లెక్క. ఊరు దాటి వెళ్లినవాళ్లకీ, జైల్లో ఉన్నవాళ్లకీ, పోయినవాళ్లకీ కూడా పలకరింపు పంపుతారు.

అంచేత ఆ గొంతుని పోనివ్వకుండా దాచాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. పని నా మీద పడింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. చదివింది ఎలక్ట్రానిక్స్. అప్పటినుంచి వైరు ఉన్న ప్రతి వస్తువూ నా బాధ్యతే. మావయ్య భార్య రెమెదియోస్ అత్తయ్య మిక్సీతో సహా.

పని అప్పగించారు కాబట్టి శ్రద్ధగా చేశాను. బజార్లో దొరికే రికార్డర్లు ఏడింటిని ఎంచి పట్టిక వేశాను. కొన్ని జేబులో పడతాయి కానీ వాటి మైకులు మా స్పీకర్ల ముందు పెడితే శబ్దం పగిలిపోతుంది. కొన్ని మిక్సరు నుంచి నేరుగా తీసుకుంటాయి, అప్పుడు పాటా మాటా వస్తాయి కానీ జనం కేకలు రావు. కొన్నింటిలో బ్యాటరీ రెండు గంటలకే చేతులెత్తేస్తుంది. ఇంకొన్ని, ఫైలు పెద్దదయ్యేసరికి దాన్ని మూసి కొత్తది తెరుస్తాయి, ఆ మధ్యలో రెండు మాటలు గాల్లో కలిసిపోతాయి. ఆ రెండు మాటలూ ఎవరి పేరో అయితే?

మావయ్య కొడుకు ఉరియెల్ బావ స్పీకర్లు మోసి మోసి భుజాలు కాయలు కాచిన మనిషి. నా పట్టిక వెనకనుంచి తొంగి చూశాడు.

"రికార్డరు కొంటున్నావా, పరీక్షకి చదువుతున్నావా?"

"నవ్వకు బావా. గంటలకొద్దీ సాగే కార్యక్రమం. మధ్యలో ఆగిపోతే మళ్లీ చేయించగలమా?"

"ఫోన్ పెడితే సరిపోదూ?"

"మధ్యలో మీ ఆవిడ ఫోన్ చేస్తే? మావయ్య గొంతు బదులు ఆవిడ తిట్లు రికార్డవుతాయి."

"అవి రికార్డు చేయక్కర్లేదు తల్లీ, నాకు కంఠతా వచ్చు" అని బావ మాట మార్చాడు.

చివరికి ఒకటి కొన్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది. మిక్సరు నుంచి పాటా మాటా, గాల్లోంచి జనం కేకలు, రెండూ వేర్వేరుగా రాసుకుంటుంది. ఫైలు మారేటప్పుడు ఒక్క అక్షరం కూడా జారనివ్వదు. ఎవరైనా అరిచినా శబ్దం పగలదు. బయటినుంచి పవర్‌బ్యాంకు తగిలించుకోవచ్చు. పొరపాటున చెయ్యి తగిలి ఆగిపోకుండా తాళం మీట కూడా ఉంది. మావయ్య దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి డాన్సు వచ్చా?"

"రాదు మావయ్యా. వినడం ఒక్కటే వచ్చు."

"అలాంటివాళ్లు గోడకి ఆనుకుని నిలబడతారే, వాళ్లని చూస్తే నాకు చెడ్డ భయం" అన్నాడు. అప్పటికే ఆయన గొంతులో ఇసుక రాలుతున్నట్టు ఉండేది.

పరీక్ష కోసం గురువారం దాన్ని వంటింట్లో అలమర మీద పెట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడిపాను. రెమెదియోస్ అత్తయ్య దాని మీద వెలిగే ఎర్రదీపం చూసింది. నిప్పు మీద చెయ్యి కాలినా, పాలు పొంగినా, పక్కింటి పిల్లి లోపలికొచ్చినా నోట్లోంచి బూతు దొర్లకుండా పని సాగని మనిషి, ఆ రోజంతా "అయ్యో దేవా" తప్ప ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం పూట పక్కింటావిడ గురించి చాలా గౌరవంగా మాట్లాడింది. సాయంత్రం రికార్డింగు మొత్తం విన్నాను. ఎక్కడా తెగలేదు, ఎక్కడా పగల్లేదు. పట్టికలో టిక్కు పెట్టాను. అత్తయ్య సంగతి పట్టికలో లేదు, అంచేత పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మా వీధి రెండు చివరలా తాళ్లు కట్టేశారు. నేను పొద్దున్నే వెళ్లి నాలుగు అట్టలు రాసి తగిలించాను: 'చరిత్రాత్మక రికార్డింగు జరుగుతోంది. దయచేసి వేదిక దగ్గర అరవకండి. ఫోన్లు బయటికి తీయకండి.' పెన్యోన్‌లో చెత్త వేయొద్దన్న అట్ట కిందే చెత్త వేస్తారు. సిగ్నల్లో ఎర్రదీపం పడితే ఎవరూ ఆగరు. కానీ మావయ్య గొంతు అనేసరికి, నా అట్టల మాట అందరూ తుచ తప్పకుండా పాటించారు. అందుకు నాకు ఆ క్షణంలో గర్వంగా అనిపించింది.

మావయ్యకీ చెప్పాల్సినవి చెప్పాను. మైకులోకి ఊదొద్దు. పాటలో ట్రంపెట్ మోగుతున్నప్పుడు మాట్లాడొద్దు. మా నెత్తిమీదే విమానాశ్రయం కాబట్టి, విమానం వెళ్లేదాకా ఆగి చదవండి. చీటీలు అన్నీ నేను ముందే తీసుకుని, తప్పులు దిద్ది, అక్షరక్రమంలో పెట్టి, పెద్ద అక్షరాల్లో టైపు చేసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితాల దొంతర చూసి, పక్కవాళ్లతో "మా ఇంజినీరమ్మ తయారుచేసింది" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏనాడూ వేదిక మీద ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

నేను మీట నొక్కాను. ఎర్రదీపం వెలిగింది.

"గౌరవనీయులైన ప్రజలారా, శుభ మధ్యాహ్నం" అన్నాడు మావయ్య.

నలభై ఏళ్లలో ఆయన అలా మొదలుపెట్టడం అదే మొదటిసారి. ఎప్పుడూ "ఏరా దొంగ సచ్చినోళ్లలారా, భోజనాలు అయ్యాయా?" అనే మొదలుపెడతాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఈల వేయబోతే పక్కనున్నావిడ అట్ట చూపించి మోచేత్తో పొడిచింది.

అలా రెండు గంటలు సాగింది. పాట అయ్యాక పేర్లు, పేర్లు అయ్యాక పాట. విమానం వస్తే ఆగడం, వెళ్లాక దగ్గి మొదలుపెట్టడం. మామూలుగా విమానం కనిపిస్తే చాలు, "పైన పోయేవాళ్లకి కూడా పలకరింపులు, బెల్టులు విప్పి లేవండి, ఈ పాట మీదే" అని అరిచేవాడు. డాన్సు చేసేవాళ్లు గుండ్రంగా నిలబడి, చప్పుడు చేయకుండా, తడి నేల మీద నడిచినట్టు అడుగులేస్తున్నారు. హెడ్‌ఫోన్లలో వింటున్నాను కదా, శబ్దం అద్దంలా ఉంది. ఇలాంటి రికార్డింగు మెక్సికో నగరంలో ఎవరి దగ్గరా ఉండదనుకున్నాను. అది నిజమే. మరెవరికీ అక్కర్లేదు కూడా.

పేర్ల వరస 'ఓ' అక్షరం దగ్గరికి వచ్చింది. "శ్రీమతి ఓతీలియా సముదియో గారు, స్వర్గస్థురాలైన తమ కుమార్తె మారిక్రూస్‌ను స్మరించుకుంటున్నారు" అని చదివి మావయ్య కాగితం తిప్పాడు.

ఓతీలియమ్మ వీధి మూల మీద రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పొయ్యి వదిలేసి, పిండి చేతులతోనే జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. అట్ట కిందే నిలబడి అరిచింది.

"ఏమయ్యా ఎవోదియో! నా కూతుర్ని చచ్చినదాన్ని చదివినట్టు చదివావేం?"

అప్పటికి తరవాతి పాట మొదలైంది కానీ ఆవిడ అరుపు అందరికీ వినబడింది.

"కాగితంలో అలా ఉందమ్మా" అన్నాడు మావయ్య, మైకు కిందికి దించి.

"నేను రాసిచ్చింది అది కాదు! 'మారిక్రూసుకి' అని రాసిచ్చాను, అంతే! ఏటా ఎలా పిలిచేవాడివి? స్పీకరు వెనక దాక్కున్నావని నాకు తెలుసే, బయటికి రా, అనేవాడివి. పదేళ్లుగా ఏడాదికి ఒక్క రోజు నా పిల్ల స్పీకరు వెనక ఉంటోంది. ఇవాళ దాన్ని తీసుకెళ్లి పాతిపెట్టావు. అదీ మైకులో!"

స్వర్గస్థురాలు, కుమార్తె, స్మరణ. ఆ మాటలు నావే. చీటీ అసంపూర్తిగా ఉందనిపించి నేనే పూర్తిచేశాను.

మావయ్య మైకు ఆపి నా వైపు తిరిగాడు. చొక్కా కాలరు చెమటతో తడిసిపోయింది.

"అమ్మాయీ, ఆ పెట్టె ఇంకా వింటోందా?"

"వింటోంది మావయ్యా."

"అది అలా వింటుంటే నాకు నోరు పెగలట్లేదే. పాదిరి ముందు పాపాలు ఒప్పుకుంటున్నట్టు ఉంది. నువ్వు ఇంత కష్టపడ్డావు కదా అని లాక్కొస్తున్నాను."

ఉరియెల్ బావ నా చెవి దగ్గరికొచ్చాడు. "ఆపేశానని చెప్పు. దీపం మీద టేపు ముక్క అంటించు. నాన్నకి ఏం తెలుస్తుంది?"

తెలియదు. ఆ సంగతి నాకూ తెలుసు. టేపు నా చేతిలోనే ఉంది. మంగళవారం తర్వాత ఆ గొంతు ఎక్కడా ఉండదు. ఇప్పుడు ఆపితే నా దగ్గర మిగిలేవి రెండు గంటల శుభ మధ్యాహ్నాలు. ఆపకపోతే అసలైన మావయ్య దక్కుతాడు, ఆయనకి తెలియకుండా. నలభై ఏళ్లు అందరి పేరూ మొహం మీదే, మైకులో పిలిచిన మనిషిని, ఆఖరి రోజున వెనకనుంచి దొంగతనంగా పట్టుకోవడమా? ఆ రికార్డింగుని రేపు ఆయన పక్కన కూర్చుని నేను ఎలా వినగలను?

మీట తిప్పాను. దీపం ఆరిపోయింది. కార్డు బయటికి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నిజంగానే ఆపేశావా?"

"ఇదిగో, కార్డు మీ చేతిలోనే ఉంది కదా."

"పిచ్చిపిల్లా" అన్నాడు. కార్డు చొక్కా జేబులో వేసుకుని, ఆ చొక్కానే విప్పి బావ మీదికి విసిరాడు. లోపలి బనియనుతో నిలబడి, నా కాగితాల దొంతర స్పీకరు కింద ఎత్తుకి పెట్టాడు. స్పీకరు అప్పటిదాకా కొంచెం ఊగుతూనే ఉంది.

మైకులోకి గట్టిగా ఊదాడు.

"ఏరా దొంగ సచ్చినోళ్లలారా! ఎవరిదిరా శవం, ఇంత నిశ్శబ్దంగా ఉన్నారు? ఒసేయ్ మారిక్రూసూ! రెండు గంటలు దాక్కున్నావు, కాళ్లు తిమ్మిరెక్కలేదా? స్పీకరు వెనకనుంచి బయటికి రావే! మీ అమ్మ పొయ్యి మీద రొట్టెలు మాడిపోతున్నాయి, ఆవిడ వినిపించుకోదు, నువ్వు చెప్పు!"

ఓతీలియమ్మ నిజంగానే పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనబడలేదు. వీధి మొత్తం ఒక్కసారి గుప్పున అరిచింది. చెప్పుల డబ్బా మూతలు, రొట్టె పొట్లాల కాగితాలు, ఎవరిదో ఆస్పత్రి చీటీ వెనకవైపు, అన్నీ గాల్లోకి లేచాయి. ట్రంపెట్ మోగుతుండగానే చదివాడు, విమానం పోతుండగానే చదివాడు. తప్పుగా చదివిన పేర్లకి కొత్త బంధుత్వాలు కలిపాడు. కొడుక్కి పెళ్లి కుదరలేదని రాసినావిడకి, జనంలో ఒక పిల్లని చూపించి అక్కడికక్కడే మాట్లాడమన్నాడు. గొంతు బొంగురుపోయి, చీలి, ఒక్కోసారి గాలి మాత్రమే వచ్చేది. అప్పుడు జనమే ఆ పేరు అందుకుని అరిచేవాళ్లు. వీధి దీపాలు వెలిగే వేళ దాకా అలాగే సాగింది.

అందులో ఒక్క మాట కూడా ఎక్కడా రికార్డు కాలేదు. జనం ఫోన్లు ఉన్నాయి కదా అంటారేమో. నా అట్టలు ఇంకా అక్కడే వేలాడుతున్నాయి. పెన్యోన్ జనం ఆ రోజు చివరిదాకా మర్యాదగా ఫోన్లు జేబుల్లోనే ఉంచుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే రికార్డరు బ్యాటరీ సగానికి పైగా మిగిలే ఉంది. బ్యాటరీ విషయంలో నా పట్టిక తప్పలేదు.

ఆపరేషను బాగా జరిగింది. మావయ్య ఇప్పుడు పలక మీద రాసి మాట్లాడతాడు. ఇంటికొచ్చిన వారానికి ఆ రెండు గంటల రికార్డింగు పెట్టి వినిపించాను. చాలాసేపు శ్రద్ధగా విని, పలక మీద 'ఎవరీ పెద్దమనిషి?' అని రాశాడు. రెమెదియోస్ అత్తయ్యకి మాత్రం అదంటే ప్రాణం. చుట్టాలెవరొచ్చినా వినిపిస్తుంది. మా చర్చి పాదిరి అయితే, ఉచ్చారణ ఇంత స్పష్టంగా ఉంటుందనుకోలేదని మెచ్చుకుని, ఒక కాపీ అడిగి తీసుకెళ్లాడు.

ఇప్పుడు ఈ కథ రాస్తుంటే మావయ్య పక్కనే కూర్చుని, పలకతో నా మోచెయ్యి పొడుస్తున్నాడు. తన గురించి 'ఉండేవాడు, అనేవాడు' అని రాయొద్దట. అంచేత చదివేవాళ్లకి నా మనవి. మీది ఏ ఊరో నాకు తెలియదు. మీ వీధిలో ఎక్కడైనా మైకులో పాట మోగుతుంటే, పెన్యోన్‌లో ఎవోదియో త్లాపలే అని ఒకాయన ఉన్నాడని ఒక్కసారి తలచుకోండి. కుదిరితే ఆయన పేరు పైకే అనండి. గౌరవంగా అక్కర్లేదు. గట్టిగా అనండి.