ఐసుపెట్టెలో పటికబెల్లం

నేను ఒక గాజు సీసాని. సీసాకు కథేముంటుంది, పోస్తే నిండుతుంది, ఒంపితే ఖాళీ అవుతుంది అని పెదవి విరవకండి. మీ మనుషులు ఒకరికొకరు చెప్పుకోని సంగతులు నా ఎదుటే ఎన్నో జరిగాయి. కళ్లు లేవు కదా అంటారా? ఒళ్లంతా గాజేనండీ, ఇంకేం కావాలి!

పుట్టింది కొలిమి మంటలో. ఇసుకను కరిగించి, అచ్చులో పోసి, గాలి ఊది, ఈ పొడుగు మెడతో బయటికి తీశారు. మొదట పన్నీరు నింపారు. ఓ పెళ్లిపందిట్లో అందరి మీదా చల్లి, ఖాళీ కాగానే బల్ల కిందికి తోసేశారు. తర్వాత ఒక హోటలు వంటింట్లో నూనె మోశాను. జిడ్డు పట్టాక పాతసామాన్ల బండి ఎక్కాను. ఆ బండి మీదనుంచి నన్ను ఏరి, ఎండకు ఎత్తి పట్టుకుని, "ఎంత ముద్దుగుండాదో సూడు!" అని మురిసిన మొదటి మనిషి సుంకులమ్మ. ఆ ఒక్క మాటతో నేను ఆమెదాన్నైపోయాను.

సుంకులమ్మా, ఆమె మొగుడు మద్దిలేటీ నంద్యాల బస్టాండు పక్కన నన్నారి షర్బత్ అమ్ముతారు. నన్నారి అంటే సుగంధిపాల; దాని వేళ్లు నానబెట్టి, కాచి, చక్కెర పాకం పట్టడంలో మద్దిలేటిది అందె వేసిన చెయ్యి. గంటెతో కాస్త ఎత్తి నాలుక మీద వేసుకుంటే చాలు, పాకం సంగతి చెప్పేస్తాడు. అట్లా జీవితమంతా రుచి చూసినవాడికి షుగరు జబ్బు వచ్చింది. దేవుడికి కూడా వేళాకోళాలు ఎక్కువే లెండి.

చక్కెర మానమన్నాడు డాక్టరు. మద్దిలేటి బుద్ధిగా తలూపి వచ్చి, మర్నాడే బండి వెనక నిలబడి గ్లాసెడు షర్బత్ గటగటా తాగుతూ దొరికిపోయాడు. సుంకులమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "ఇంగ చక్కెర గానీ, బెల్లం గానీ ముట్టనని ఒట్టెయ్యి మామా. తప్పితే నా తల పగులుతాది." మద్దిలేటి ఒట్టేశాడు. తన ప్రాణానికి భయపడని మనిషి ఆమె తలకు భయపడ్డాడు.

అయినా షర్బత్ లేక ఆయన ముఖం వాడిపోయింది. అది చూడలేక సుంకులమ్మ డాక్టరును అడిగి, మందులషాపు నుంచి ఎరిత్రిటాల్ అనే తెల్లటి పొడి తెచ్చింది. నోరు తిరక్క దానికి 'షుగరోళ్ల చక్కెర' అని పేరు పెట్టుకుంది. దాన్ని నన్నారి కషాయంలో కరిగించి నాలో పోసింది. అమ్మకం సీసాలతో కలిసిపోకుండా నా మెడకు నీలం దారం కట్టింది. నాకు అదే నగ. తొలిరోజు ఆశకొద్దీ గ్లాసు మీద గ్లాసు తాగాడు మద్దిలేటి. సాయంత్రానికి కడుపు గుడగుడలాడి చెంబు పట్టుకుని పరుగో పరుగు! ఆ దెబ్బతో రోజుకు ఒక్క చిన్న గ్లాసే అని కట్టడి చేసింది ఆమె.

ఇక్కడే వచ్చింది తంటా. షర్బత్ పాకం ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని అలవాటు కదా, ఈ పొడిని కూడా సుంకులమ్మ దండిగా వేసి, వేడి మీద కరిగించి, నన్ను ఐసుపెట్టెలో పడుకోబెట్టేది. చలికి నా అడుగున తళతళలాడే పలుకులు కట్టాయి. అచ్చం పటికబెల్లం ముక్కలే!

ముందు చూసింది మద్దిలేటి. చక్కెర పాకం ఐసులో ఉన్నా ఇట్లా పలుకు కట్టదని ఆయనకు తెలుసు. అందుకే, ఈ పొడి కూడా కట్టదనుకుని, తన మీద జాలిపడి ఆమే రహస్యంగా పటికబెల్లం వేసిందనుకున్నాడు. అడిగితే చిన్నబోతుందని నోరెత్తలేదు. ఆమె గిరాకీల వైపు తిరగ్గానే గ్లాసు తీసుకెళ్లి బండి వెనక నాపరాయి మీద ఒలకబోసేవాడు. వచ్చి మూతి తుడుచుకుంటూ, "శానా బాగుందే" అనేవాడు. నా లోపల నన్నారి ఉడికిపోయినట్టుండేది. నాకు నోరుంటేనా!

ఓ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ సుంకులమ్మ నన్ను కడుగుదామని తీసింది. లోపల గలగలమంది. ఎత్తి చూసి అక్కడే కూలబడింది.

"పటికబెల్లం యాడిది మామా?"

"నువ్వేసింటివి గదే!"

"నేనెందుకేస్తాను! దొంగతనంగా ఏసుకుని నా మీదికే తోస్తావా? నా తలంటే నీకంత లోకువైపాయనా?" చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మద్దిలేటి బిత్తరపోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని బండి వెనక్కి తీసుకెళ్లాడు. నేను ఆమె చంకలోనే ఉన్నాను. నల్లటి నాపరాయి మీద పోసినచోటల్లా తెల్లగా పొర కట్టి ఉంది.

"నువ్వు పాపమని ఏసినావనుకుంటి. నీ తల మీద ఒట్టుండె. ఈ పలుకులు సూసినకాడ్నుంచి సుక్క గూడా మింగలేదే, సుంకీ."

ఆమె ఆ రాయి వంక చూసింది, ఆయన వంక చూసింది. తర్వాత నన్ను తలకిందులు చేసి ఒక పలుకు అరచేతిలోకి రాల్చింది. "ఉండు, నువ్వు నోట్లో పెట్టద్దు. ముందు నేను సూస్తా." నాలుక మీద వేసుకుని కళ్లు పెద్దవి చేసింది. "అబ్బ! కరిగేకొద్దీ మంచుముక్క మాదిరి సల్లగుండాదే మామా! పటికబెల్లం ఇట్లుంటాదా?"

ఉండదని ఆ ఇద్దరికంటే ఎవరికి తెలుసు! నాలో కాసిని నీళ్లు పోసి, నన్ను గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టారు. పలుకులన్నీ కరిగి మాయమయ్యాయి. చలికి ఆ పొడే గడ్డ కట్టిందని అప్పుడు అర్థమై, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి పొడి తగ్గించి పల్చగా, ఏ పూటకాపూట కొంచెమే కలుపుతోంది. నాకు ఐసుపెట్టె తప్పింది. ఐసు ఆయన గ్లాసులోనే.

కానీ ఆ మధ్యాహ్నం నవ్వు ఆగాక సుంకులమ్మ అన్న మాట చెప్పకుండా ఎట్లా?

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు మామా."

"అయ్యో, ఎందుకే?" అని కంగారుపడ్డాడు.

"ఇంగ దాంతో పని లేదులే."

మద్దిలేటి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. బండి ముందర ఎవరో, "అన్నా, రెండు షర్బత్!" అని కేకేశారు. ఒట్టైతే తీసేశాడు గానీ, చెయ్యి మాత్రం తియ్యలేదు.