కడియంలో అమెరికా కత్తి

నేను ఒక మడత కత్తిని. పుట్టింది అమెరికాలో, ఉంటున్నది కడియంలో, నూకరత్నం నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో. నా వీపు మీద చిన్న మీట ఉంటుంది. చూపుడువేలితో నొక్కితే అలుగు, అదే కోసే రేకు, టక్కుమని బయటికి వస్తుంది, రెండో చెయ్యి అక్కర్లేదు. నా జాతిని ఫ్లిప్పర్ అంటారు. నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి ముఖాన అనడం నాకు నచ్చదు.

ఒక చిన్న ఊళ్ళో, చిన్న కార్ఖానాలో నన్ను చేశారు. ఉక్కు రేకులోంచి కోశారు, ఎర్రగా కాల్చారు, చల్లార్చారు, రెండు వైపులా నున్నగా పదును పెట్టారు. చివరికి అలుగు ఎడమ పక్కన, అమెరికాలోనే తయారైందని అక్షరాలు చెక్కారు. నాకున్న ఆస్తి ఆ అక్షరాలే. పిడి మాత్రం నల్ల ప్లాస్టిక్కుది. ఖరీదైన పిడి వేస్తే మామూలు జనం కొనలేరని యజమాని లెక్క వేశాడు. మనుషులు తమకు అందేదాన్ని చూసి ‘పర్వాలేదు’ అంటారు, అందనిదాన్ని చూసి ‘ఆహా’ అంటారు. నేను పర్వాలేదు జాతిలో పుట్టాను.

ఆహా జాతిది కూడా నా పక్కనే ఉండేది. రేవు దగ్గర కొట్లో, అద్దాల బీరువాలో, టైటానియం పిడితో నీలంగా మెరుస్తూ. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసేవాళ్ళు, నన్ను దాటి చూసేవాళ్ళు. దాని మీద కుళ్ళుకుంటూనే ఆరునెలలు గడిపాను.

ఒకరోజు సూరిబాబు వచ్చాడు. సరుకు ఓడలో వంటవాడు. బీరువా ముందు నిలబడి ఫోన్‌లో అక్కకు మమ్మల్ని ఒక్కొక్కటిగా చూపించాడు. ఆ అక్కే నూకరత్నం. కడియం నర్సరీలో ఇరవై రెండేళ్ళుగా మామిడి అంట్లు కడుతోంది. అంతకు ముందటి ఏడాది ఆటో తిరగబడి ఎడమచేతి వేళ్ళు రెండు వంగకుండా పోయాయి. ఆమె పాత మడత కత్తిని తెరవాలంటే రెండు చేతులు కావాలి. అందుకని పళ్ళతో లాగి తెరుస్తోంది. పని నెమ్మదించింది. ఈ వానల్లో కట్టే అంట్లు బతక్కపోతే అంట్లు కట్టే పీట దిగి, మొక్కలకు నీళ్ళ పైపు పట్టుకోమని నర్సరీ యజమాని వీర్రాజు ముందే చెప్పేశాడు.

“ఇదిగో అక్కా, ఈ నీలందాన్ని సూడు. ఎలాగుంది?”

“బాగానే ఉంది గానీ, అంత పోసి కత్తి కొంటార్రా ఎవరైనా? ఆ నల్లపిడిది ఏంటి?”

“ఇదీ ఇక్కడ చేసిందే. ఒంటిచేత్తో తెరుసుకుంటాది. దీనికన్నా సవకది ఇంకోటుంది గానీ, వేరే దేశం సరుకు, మీట వదులుగా ఉంది.”

“అయితే నల్లదే తే. మా తమ్ముడు బంగారం.”

నన్ను ఎంచుకున్నారని పొంగిపోయాను. కాస్త ఆలోచించాక అర్థమైంది, వాళ్ళు నీలందాన్ని వదులుకున్నారు, మిగిలింది నేను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

సూరిబాబు సెలవుకు ఇంటికి వచ్చి, పెట్టె తెరిచి, నన్ను అక్క చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టాడు. సముద్రాలు దాటి వచ్చిన నాకు ఇదా మర్యాద అని ఒళ్ళు మండింది. కత్తిని చేతిలోంచి చేతికి ఇస్తే అక్కాతమ్ముళ్ళ మధ్య తగువు వస్తుందట, అందుకని కింద పెట్టడం వీళ్ళ పద్ధతి. ఆమె వంగి తీసుకుని మీట నొక్కింది. టక్. చిన్నపిల్లలా నవ్వింది. నేల సంగతి అప్పుడే మరిచిపోయాను.

అయితే నడుము సంచిలో ఇంకొకటి ఉంది. ధవళేశ్వరంలో కమ్మరి ఎవరో లారీ కమాను పట్టీని సాగగొట్టి చేసిన పాత కత్తి. తుమ్మకర్ర పిడి, పేరూ ఊరూ లేవు, పిడి చివర నూకరత్నం పంటిగాట్లు. దాన్ని ఆమె ‘నా కత్తి’ అనేది. నన్ను ‘తమ్ముడి కత్తి’ అనేది. ఆ తేడా మీకు చిన్నదిగా అనిపించవచ్చు. నేను రోజూ దాని పక్కనే పడుకునేదాన్ని, నాకు తెలుసు.

నాతో నూట యాభై అంట్లు కట్టింది. టెంక మొలకను తెగ్గోసి చీల్చడం, మంచి చెట్టు పుల్లను కొస పలచబడేలా రెండు పక్కలా చెక్కి చీలికలో దించడం, ప్లాస్టిక్ పట్టీతో బిగించడం. ఎంత వేగంగా చేసిందంటే పక్కపీట మంగతాయారు చెయ్యి ఆపి చూసింది. నేను సంచిలోకి తిరిగి వెళ్ళినప్పుడల్లా పాతదాని కేసి చూసి మరీ మడత పడేదాన్ని.

మూడు వారాలకు పుల్లలు నల్లబడ్డాయి. నూట యాభైలో ముప్ఫై కూడా చిగురు వెయ్యలేదు.

వీర్రాజు వచ్చి చూశాడు. “రత్నం, నేనేమీ అనట్లేదు. సోమవారం నుంచి పైపు దగ్గరికెళ్ళు.”

“ఒక్క నలభై కట్టనివ్వండి బాబూ. అవీ పోతే మీరు చెప్పక్కర్లేదు, నేనే ఎల్తాను.”

ఆయన సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆమె పీట మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే ఒక పుల్లను నాతో చెక్కింది, ఇంకొకదాన్ని పళ్ళతో పాతదాన్ని తెరిచి చెక్కింది. రెండింటినీ ఫోన్ అద్దం మీద పెట్టింది. పాతది కోసిన ముఖం అద్దానికి అతుక్కుని పడుకుంది. నేను కోసింది అటూ ఇటూ దొర్లింది. పాతదానికి పదును ఒక్క వైపే, రెండో వైపు పలకలా చదును. నాకు రెండు వైపులా వాలు ఉంది కాబట్టి నా కోత మధ్యలో ఉబ్బుతోంది. ఉబ్బిన చోట పుల్లా మొక్కా కలవలేదు, మధ్యలో గాలి చేరింది. ఒంటిచేత్తో తెరుచుకోవడం చూశారు, అక్కాతమ్ముళ్ళిద్దరూ, కోసే ముఖం చూడలేదు. అంత గొప్పగా టక్కుమన్న నేను ఆమె పీట కిందకి నీళ్ళు తెచ్చాను.

నన్ను పారేస్తుందనుకున్నాను. సానరాయి తీసింది. వంగని వేళ్ళతో అలుగును అదిమిపట్టి ఎడమ పక్కను రాయి మీద పరిచి రుద్దింది. నాలుగు రోజులు, కూలి అయ్యాక, నీళ్ళు చల్లుకుంటూ. పాత కత్తిని ఎదురుగా పెట్టుకుని దాని ప్రకారం నన్ను సరిచేసింది. నా శత్రువును నమూనాగా పెట్టి నన్ను అరగదీయడం కన్నా అవమానం ఏముంటుంది? మొదటి రోజు కొన్ని అక్షరాలు పోయాయి. నాలుగో రోజుకు మొత్తం పోయాయి. నా ఊరు బూడిదరంగు నీరై పీట పక్కన ఇంకిపోయింది.

నలభై అంట్లు కట్టింది. నా కోత పచ్చి పుల్ల మీద చదునుగా, తడిగా మెరిసింది. ఇరవై మూడో రోజున ముప్ఫై ఏడు మొక్కలకు రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. వీర్రాజు లెక్కపెట్టుకుని ఇంకో ఐదు వందల మొలకల్ని ఆమె పీట దగ్గర దింపించాడు.

ఆ సాయంత్రం మంగతాయారు పట్టీలు కొయ్యడానికని సంచిలో చెయ్యి పెట్టి నన్ను పట్టుకుంది.

“ఒసేయ్, దాన్ని వదులు, అది నా కత్తి! పాతది ఉంది కదా, అది తీసుకో.”

నా కత్తి. రెండుసార్లు కాదు, ఒక్కసారే అంది, చాలు. పాతదాన్ని నేల మీద పెట్టింది, మంగతాయారు వంగి తీసుకుంది. ఇప్పుడది పక్కపీట దగ్గర ప్లాస్టిక్ పట్టీలు కోస్తోంది. నేను టక్కుమన్నప్పుడల్లా నా కేసి చూస్తుంది. ఆ చూపు నాకు బాగా తెలుసు, దాన్ని చూసి జాలిపడాలని కూడా తెలుసు. ఇంకా పడలేదు.

నిన్న ఫోన్ వచ్చింది. సూరిబాబు ఓడ మళ్ళీ ఆ రేవుకే వెళ్తోందట. “అక్కా, ఆ నీలంది ఇంకా ఉందేమో సూడమంటావా? ఈసారి తెస్తాను.”

నూకరత్నం వెంటనే వద్దనలేదు. నన్ను మడిచి, తెరిచి, మళ్ళీ మడిచి, ఇప్పటికీ ఆలోచిస్తోంది.