బొండాం దొర వెంట నల్లాయన

పాలకొల్లు బట్టల కొట్టు జోగేశ్వరరావుగారికి తన మాటకారితనం మీద ఉన్నంత నమ్మకం తన పంచెల రంగు మీద కూడా ఉండేది కాదు. సాయంత్రమయ్యేసరికి కొట్టు అరుగు మీద జనం చేరేవాళ్ళు. ఈయన ఛలోక్తులు విసిరేవాడు, వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. బేరమాడదలచినవాళ్ళు కాస్త ముందుగానే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళని తరవాత్తరవాత ఆయనే ఒప్పుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఊరంతా నవ్వితే ఏం లాభం? ఇంట్లో భార్య రత్నమాణిక్యం నవ్వదే! పెళ్ళయి ఇరవై ఏళ్ళు. అరుగు మీద పేలిన ప్రతి ఛలోక్తినీ ఆయన రాత్రి అన్నం దగ్గర ఆవిడకి మళ్ళీ వినిపించేవాడు. ఆవిడ శ్రద్ధగా వినేది. విని, "చారు పొయ్యమంటారా?" అనేది. ఆ మాటతో ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఈ ఒక్క మనిషిని పకపకా నవ్వించగలిగితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేవాడు పాపం.

పంతొమ్మిది వందల ఎనిమిదో ఏడు మాఘమాసంలో కాకినాడ నుంచి అప్పాజీ అనే ఆయన కాలవ మీద పడవలో కదిలే బొమ్మల బయస్కోపు తీసుకొచ్చి, రేవు పక్కన ఖాళీ జాగాలో డేరా వేశాడు. దారిలో పడవ తేమకి ఆయన తెర గుడ్డ కాస్తా బూజుపట్టి పోయింది. పల్చటి తెల్ల గుడ్డ కావాలని జోగేశ్వరరావు కొట్టుకొచ్చాడు.

"గుడ్డ ఊరికే ఇస్తానయ్యా. బొమ్మ ఆడుతున్నంతసేపూ పక్కన నిలబడి, అందులో ఏం జరుగుతోందో జనానికి నేనే చెబుతాను" అన్నాడు షావుకారు.

"చూస్తే తెలిసిపోయే బొమ్మండీ అది. చెప్పడానికేముందండి?" అన్నాడు అప్పాజీ అమాయకంగా.

"నీకు తెలీదులే. మాట లేని బొమ్మ ఉప్పు లేని కూర. ఆ ఉప్పేదో నేను వేస్తాను."

డేరా మధ్యలో తెర కట్టారు. దీపం కాంతి బాగా పట్టాలని రోజూ దాన్ని నీళ్ళతో తడిపేవాళ్ళు. ఇవతల మగవాళ్ళు, వాళ్ళ వెనకాల బుస్సుమనే దీపంతో అప్పాజీ యంత్రం. తెరకి అవతల ఆడవాళ్ళు. తడిసిన గుడ్డలోంచి బొమ్మ వాళ్ళకీ కనిపించేది. కాకపోతే కుడి ఎడమై కనిపించేది. దారి అటువైపే కాబట్టి, పోయేవాళ్ళకి వినపడాలని డోలు కూడా అవతలే పెట్టారు. తెర పక్కన, మగవాళ్ళ వైపు, చేతికర్రతో జోగేశ్వరరావు.

బొమ్మ చిన్నదే. ఓ లావుపాటి దొర టోపీ గాలికి ఎగిరిపోతుంది. దాని వెంట పరిగెత్తుతాడు. కుక్క అడ్డమొస్తుంది, నిచ్చెన అడ్డమొస్తుంది, చివరికి సున్నం తొట్టిలో దబ్బున పడతాడు. తెల్లగా లేచి, ఏమీ జరగనట్టే టోపీ పెట్టుకుని పోతాడు. అంతే! పాలకొల్లు పడీపడీ నవ్వింది. వాడికి బొండాం దొర అని పేరు కూడా పెట్టేసింది. మర్నాడు అదే బొమ్మ, వాళ్ళే జనం, అదే నవ్వు. తన ఛలోక్తి రెండోసారి చెబితే పైపంచె దులుపుకుని లేచిపోయే పెద్దమనుషులు, వాడు రోజూ అదే తొట్టిలో పడుతుంటే రోజూ కొత్తగా నవ్వడం జోగేశ్వరరావుకి వింతగానే ఉండేది. అదంతా తన వ్యాఖ్యానం మహిమేనని సరిపెట్టుకున్నాడు.

రేవులో పడవ నడిపే బుల్లబ్బాయి మాత్రం ముందు వరసలోంచి అరిచేవాడు: "షావుకారుగారండీ, కాస్త పక్కకి జరగండీ! దొరకి అడ్డమొస్తన్నారండీ!"

అలగాజనానికి హాస్యం ఏం తెలుస్తుందిలే అనుకుని, షావుకారు ఇంకో అడుగు వెలుగులోకే వేసేవాడు.

ఇంతకీ అసలు సంగతి తెర అవతల జరిగింది. మొదటి రోజే డోలు మోతని దాటుకుని అవతల్నించి ఓ నవ్వు వినిపించింది. అందరికంటే ఆలస్యంగా మొదలై, పైకెళ్ళి, చివర్న వెక్కిళ్ళలా తెగిపోయే నవ్వు. ఎవరబ్బా అనుకున్నాడు. ఆట అయ్యాక ఆడవాళ్ళు బయటికొస్తుంటే అదే నవ్వు నవ్వుకుంటూ వస్తోంది రత్నమాణిక్యం! ఆయన్ని చూడగానే కొంగు సర్దుకుని గంభీరంగా అయిపోయింది. ఆ రాత్రి ఆయనకి నేల మీద కాలు ఆనలేదు.

నాలుగు రోజులు ఆ ఆనందాన్ని దాచుకున్నాడు. ఇక ఉండబట్టలేక అన్నం దగ్గర అడిగేశాడు.

"ఏమేవ్, నా మాటల్లో నీకు బాగా నచ్చిందేంటే?"

"మాటలేంటండీ? అవతల మాకు డోలు తప్ప ఏం వినపడదు కదండీ."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "మరి అంత నవ్వెందుకే?"

"ఆ దొర ఉన్నాడు కదండీ. వాడికంటే వాడి వెంట తిరిగే నల్లాయన ఇంకా బావుంటాడండి. ఇంత పొట్టా, చేతిలో ఓ కర్రా. ఏదో చెప్పేస్తున్నట్టు చేతులు ఊపేస్తుంటాడు. మధ్యలో దోమని కొట్టుకుంటాడు, జారిపోయే పంచె లాక్కుంటాడు. పిలక ఊడి ఇటూ అటూ ఎగురుతుంటుంది. దొర పడ్డప్పుడల్లా ఉలిక్కిపడతాడండీ, రోజూ చూస్తున్నదే అయినా!"

బొమ్మలో నల్లాయనెవరూ లేడు. జోగేశ్వరరావు చెయ్యి దానంతటదే వెళ్ళి పిలక తడుముకుంది. దీపం కాంతికి తెర మీద పడింది తన నీడే. ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ నింపాదిగా మజ్జిగ చిలుకుతోంది. తెలిసి అందో తెలియక అందో ఆ దేవుడికే ఎరుక.

మర్నాడు రోషం పొడుచుకొచ్చింది. ఇంత వయసొచ్చి, ఊళ్ళో ఇంత పేరుండి, చివరికి నీడగా నవ్వులపాలవడమా! తెరకి దూరంగా, చీకట్లో కర్రలా నిలబడి వ్యాఖ్యానం చెప్పాడు. బుల్లబ్బాయి సంతోషించాడు. అవతల ఆ నవ్వు మాత్రం వినపడలేదు. ఇంటికొచ్చాక రత్నమాణిక్యం దిగులుగా అంది: "ఇవాళ నల్లాయన రాలేదండీ. ఒంట్లో బాగోలేదేమో."

మర్నాడే ఆఖరి ఆట. ఆ తర్వాత అప్పాజీ డేరా ఎత్తేసి నరసాపురం పోతాడు. ఇటు చూస్తే పరువు, అటు చూస్తే ఆ నవ్వు. పగలంతా కొట్లో ఒక గజం బదులు రెండు గజాలు కొలిచి, సాయంత్రానికి తేల్చుకున్నాడు. దీపం వెలగగానే పైపంచె తీసేసి, పిలక విప్పి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెలుగు మధ్యకి నడిచాడు. దొర పరిగెడితే తనూ పరిగెత్తాడు. లేని దోమల్ని కొట్టాడు. దొరతోపాటు దబ్బున పడ్డాడు. ఇవతల మగవాళ్ళు "షావుకారుగారికి దయ్యం పట్టిందిరోయ్!" అని గోల. అవతల ఆడవాళ్ళు విరగబడి నవ్వుతున్నారు. ఆయన చెవులు రిక్కించి విన్నాడు. అంత నవ్వులో ఆ వెక్కిళ్ళ నవ్వొక్కటే లేదు. లేవబోతే చేతికర్ర కాళ్ళకి అడ్డం పడి ఈసారి నిజంగానే బోర్లాపడ్డాడు. అప్పుడొచ్చింది ఆ నవ్వు, ఆలస్యంగా, పైపైకి.

రాత్రి మోకాలికి పసుపు రాస్తూ రత్నమాణిక్యం అంది: "ఇవాళ నల్లాయన అతి చేశాడండి. నవ్వించాలని చూశాడు. చివర్న కర్ర తట్టుకుని పడ్డారే, అదొక్కటే బావుంది."

"పడ్డారే? అయితే నేనని నీకు తెలుసన్నమాట! ఎప్పట్నుంచే?"

"పెళ్ళయినప్పట్నుంచీ" అంది ఆవిడ తల వంచుకుని. "పెరట్లో మీరు పంచె ఎగ్గట్టుకుని నూతి దగ్గరికి నడుస్తారు చూడండి, నాకు ఆగేది కాదండీ. మొగుణ్ణి చూసి ఎక్కడ నవ్వుతామండీ? వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. డేరాలో చీకటి కదా, నన్నెవరు చూస్తారని పైకే నవ్వేశాను."

ఇరవై ఏళ్ళు! ఇరవై ఏళ్ళూ తను అరుగు మీద మాటలు మలచుకుంటుంటే, అసలు ఆట పెరట్లో రోజూ ఆడుతూనే ఉందన్నమాట. జోగేశ్వరరావుకి సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఎందుకో కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. తనకంటే వెర్రివాడు ఈ తాలూకాలో ఉండడనుకున్నాడు.

తెల్లవారాక చెంబు పుచ్చుకుని పెరట్లోకి దిగాడు. మామూలుగా నడుద్దామని చూస్తే, మామూలుగా ఎలా నడిచేవాడో గుర్తు రాలేదు. కాళ్ళు ఒకదానికొకటి అడ్డమొచ్చాయి, చెంబు జారి నూతిగట్టు మీద ఠంగున మోగింది. వెనకాల వంటింట్లోంచి ఆ నవ్వు వినిపించింది. ఈసారి దానికి కొంగు అడ్డం లేదు.

ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. చెంబు తీసుకుని, ఏమీ జరగనట్టే నీళ్ళు తోడుకున్నాడు.