మొక్కే దేశాల వరస

పెళ్లయి ప్రొద్దుటూరొచ్చిన ఇన్నేళ్లలో మారిసెల్‌ను పిలిచి కుర్చీ వేసినవాళ్లు లేరు. కువైట్‌లో పనిచేస్తుండగా ఈశ్వర్‌ను కట్టుకుని, ఫిలిప్పీన్స్‌ను వదులుకుని వచ్చిందని వీధి వీధంతటికీ తెలుసు. తెలిసినా ఆమె పేరు ‘చైనా ఆమె’. అత్త చిన్నసుబ్బమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో టమోటాలు బేరమాడినా, బండివాడు ఆమెకు ధర వేళ్లతోనే చూపిస్తాడు.

అలాంటిది ఆగస్టు పదిహేనుకు, కూతురు నందిని చదివే ప్రైవేటు బడి కరస్పాండెంటు రామమోహన్ తనంతట తానే ఫోన్ చేసి "మీరే మా ముఖ్య అతిథి మేడమ్" అన్నాడు. ఉబ్బిపోయింది పిచ్చిది! దానికి తోడు ఊరేగింపులో ట్రాక్టరు మీద భారతమాత వేషం నందినిదే. పాటలన్నీ తడుముకోకుండా పాడేది ఆ పిల్లే అని టీచరు దీప్తి ఎంచింది. చిన్నసుబ్బమ్మ తన పెళ్లినాటి పట్టుచీర కత్తిరించి మనవరాలికి చిన్న చీర కుట్టించింది.

"పెట్టెలో ముక్కిపోయే బదులు బిడ్డ కట్టుకుంటే నాకూ సంతోషమే మే" అంది కోడలితో.

ఈశ్వర్‌కు పులివెందులలో ఏసీలు బిగించే పని తగిలి రాలేకపోయాడు. పొద్దున్నే అలంకారానికని దీప్తి వచ్చి నందినిని తీసుకుపోయింది. కాసేపటికి మారిసెల్ కూడా చీర కట్టుకుని బడికి పోయింది. పోయి చూస్తే ట్రాక్టరు మీద కిరీటం పెట్టుకుని నిలబడింది బట్టల అంగడివాళ్ల పాప రూప.

నందిని కింద ఉంది. పట్టుచీర విప్పించి తెల్ల గౌను తొడిగారు. చేతిలో ఎర్రజెండా, దాని మూలన పసుప్పచ్చ నక్షత్రాలు. దేశానికొకరుగా నలుగురు పిల్లలు భారతమాతకు మొక్కుతూ ట్రాక్టరు వెనక నడవాలట.

"టీచర్, ఏంది ఇది?"

దీప్తి తల వంచుకుంది. "సారు మార్చమన్నాడక్కా. భారతమాతంటే కండ్లు పెద్దగా ఉండాలంట. మీ పాప మొగానికి ఇదే నప్పుతాదన్నాడు. మీ దేశం జెండా అంగట్లో దొరకలే. చైనాదే దొరికింది."

నప్పుతుందట! నందిని ఫిలిప్పీన్స్‌ను ఫోన్లో తప్ప చూడలేదు. ఇక ఆ జెండా దేశంలో దాని తల్లి కూడా ఏనాడూ కాలు పెట్టలేదు.

"అమ్మా, నేనేం తప్పు జేసినా?" అంది నందిని.

మారిసెల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే రామమోహన్ ఎదురొచ్చి, మెడలో దండ వేసి, ఆమెను స్టేజీ ఎక్కించాడు. అక్కడ ఎర్రగుడ్డ కప్పిన పెద్ద కుర్చీ ఉంది. ‘దీనికోసమా నేను మురిసింది’ అని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. కూర్చోకుండా నిలబడే ఉంది.

జెండా ఎగిరింది, పూలు రాలాయి, జనగణమన అయింది. రామమోహన్ మైకు అందుకున్నాడు.

"మన బడి పేరు సముద్రాలు దాటింది. విదేశాల నుంచి విచ్చేసిన మేడమ్ గారు ఇప్పుడు ఇంగ్లీషులో సందేశం ఇస్తారు."

విచ్చేసిందట! పక్క సందులోంచి చెప్పులీడ్చుకుంటూ వచ్చిన మనిషి!

మారిసెల్ దండ తీసి కుర్చీలో పడేసి మైకు లాక్కుంది.

"నేను యాడి నుంచీ రాలే. ఈ ఊర్లోనే కాపురం జేస్తాండా. నా కూతురు మీ పెద్దాస్పత్రిలో పుట్టింది. మీ నీళ్లే తాగింది, మీ సంగటే తినింది. దాని కండ్లు చిన్నవని వాళ్లవ్వ చీర ఊడబెరికి, ఎవురిదో జెండా చేతిలో పెట్టినారే, మీకు సిగ్గు లేదా? ఏందప్పా రామమోహనూ, భారతమాత మొగం నువ్వేమన్నా సూసొచ్చినావా? నా బిడ్డది ఈ దేశం గాకపోతే యా దేశమో నువ్వే చెప్పు!"

ఒక్కరైనా లేచి ‘పాపను ట్రాక్టరు ఎక్కించండప్పా’ అంటారేమోనని ఆమె అందరి మొహాలూ చూసింది.

ముందు వరసలో ఒకాయన నవ్వాడు. "అబ్బా! మన మాట ఎంత ముద్దుగా మాట్లాడ్తాందో సూడండ్రా!"

అంతే, చప్పట్లు మొదలయ్యాయి. వెనక బెంచీల దాకా పాకాయి. కొందరు లేచి ఫోన్లు పట్టారు. అప్పటిదాకా తెల్లమొహం వేసుకున్న రామమోహన్ కూడా పళ్లికిలించి చప్పట్లు కలిపాడు.

"అదీ మన తెలుగు గొప్పతనం! ఇంకో రెండు ముక్కలు మాట్లాడండి మేడమ్!"

ట్రాక్టరు రూపను ఎక్కించుకుని బయల్దేరింది. మారిసెల్ స్టేజీ దిగి, నందిని చేతిలోని జెండాను దీప్తి చేతిలో పెట్టి, కూతురిని గేటు వైపు లాక్కుపోయింది. వెనక చప్పట్లు ఇంకా ఆగలేదు. నందిని తిరిగి తిరిగి చూస్తోంది.

"అమ్మా, నువ్వు తిట్టినావు గదా? మరి వాళ్లెందుకు సప్పట్లు కొడ్తాండారు?"