బుగ్గల మీద ఎర్ర దారాలు

ఫేషియల్ స్టీమరు మూత తీయగానే ఆవిరి ఎగిసి కృప ముఖానికి కొట్టింది. పచ్చికారం పూసినట్టు బుగ్గలు భగ్గుమన్నాయి. కుర్చీలో వెనక్కి వాలిన కస్టమరు కళ్లు మూసుకుని ఉంది. కృప ముఖం పక్కకు తిప్పుకుని చున్నీ కొసతో అద్దుకోబోయి, రుద్దొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆపేసింది.

నాచారం మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఉంది ఆ పార్లరు. మే నెల. ఏసీ చెడిపోయి చాలా రోజులైంది. ఒక మూల వ్యాక్సు కాగుతోంది. పైకప్పు రేకులు కావడంతో మధ్యాహ్నానికల్లా ఆ గది పొయ్యిలా తయారవుతుంది. పొద్దున దవాఖానాలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, అక్కడినుంచి తిన్నగా పనిలోకి వచ్చిన కృపకు కాళ్లు లాగేస్తున్నాయి.

కస్టమరు కళ్లు తెరిచి అద్దంలో ఆమెను చూసింది. "గదేంది నీ బుగ్గల మీద? ఎర్ర దారాలు అతుకబెట్టినట్టున్నయి."

కౌంటరు దగ్గరున్న పార్లరు ఓనరు త్రివేణి మేడం ఆ మాట విననే విన్నది. "ఎండకు అలర్జీ అయ్యింది మేడం, పొయ్యేదే," అని నవ్వి, "కృపా, జర లోపలికి రా," అన్నది.

తెర వెనకకు వెళ్లగానే త్రివేణి నవ్వు ఆరిపోయింది. ఫౌండేషను సీసా తీసి తానే కృప ముఖానికి దట్టంగా పూసింది. స్పాంజి తగిలిన చోటల్లా ప్రాణం పోతున్నట్టుంది.

"పొద్దుగాల క్రీమ్ రాసుకున్నవా?"

"లేదు మేడం. డాక్టరమ్మ వద్దన్నది."

"గందుకే గిట్లయింది! బంద్ జేస్తే మొహం ఉబ్బుతదని ఎన్నిసార్లు జెప్పిన? రాస్తే రేపటికల్లా దిగుతది."

రాస్తే నిజంగానే దిగుతుంది. అదే కదా ఇంత దూరం తెచ్చింది.

రెండేళ్ల కింద పనిలో చేరినప్పుడు కృపది చామనఛాయ. "పార్లర్ల పని జేసే పిల్ల మొహం గిట్లుంటే కస్టమర్లు ఎట్ల నమ్ముతరు?" అని త్రివేణి ఒక తెల్లడబ్బీ చేతిలో పెట్టింది. పేరు లేదు, చీటీ లేదు. కింది మందుల షాపులో దొరికే ట్యూబుల్లోని మందు పిండి తీసి, అత్తరు కలిపి, వెనక గదిలో తయారుచేసేదే అది. తర్వాత తర్వాత ట్యూబులు పిండే పని కృపకే వచ్చింది. మొదట్లో ముఖం వెన్నముద్దలా తేలింది. చర్చిలో ఆడవాళ్లు తల్లి మార్తమ్మను ఆపి మరీ పిల్ల ఏం రాస్తోందని అడిగారు. కస్టమర్లకు త్రివేణి ఆమెనే చూపించేది. "మా క్రీమే మేడం, మా పిల్ల మొహం సూడున్రి." ఆ మాటకు కృప సిగ్గుపడి నవ్వేది. ఆ నవ్వుతోనే ఎన్నో డబ్బీలు అమ్ముడుపోయాయి.

ఆ తర్వాత ఎండలోకి వెళ్తే మంట మొదలైంది. దవడల మీద సన్నటి వెంట్రుకలు మొలిచాయి. ముక్కు పక్కన ఒక ఎర్రగీత పాకింది, దాని కొమ్మలు బుగ్గంతా అల్లుకున్నాయి. భయపడి ఒకసారి మానేస్తే ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ రాసింది. మంట చల్లారింది, గీతలు మాత్రం పెరిగాయి.

పొద్దున ప్రభుత్వ దవాఖానాలో డాక్టరమ్మ ఆమె ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఇది స్టెరాయిడ్ మందమ్మా. తెల్లబడటానికి రాసేది కాదు. రోజూ మొహానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, కింద ఉండే సన్నటి రక్తనాళాలు ఉబ్బి పైకి కనబడతాయి. ఇవాళే మానెయ్. కొన్నాళ్లు ఇంకా మండుతుంది, ఓర్చుకో. మళ్లీ ఆ డబ్బీ ముట్టుకోకు."

"ఈ దారాలు పోతయా మేడం?"

"ఎరుపు మెల్లగా తగ్గుతుంది. పైకి తేలిన నాళాలు వాటంతట అవి పోవడం కష్టం. లేజరు చేస్తే చాలావరకు తగ్గుతాయి, కానీ మా దగ్గర ఆ మిషను లేదు. కొత్తవి రాకుండా చూసుకోవడం నీ చేతుల్లో ఉంది. ఎండ, ఆవిరి, సెగ తగలనివ్వకు. మొహం రుద్దకు. బయటికి వెళ్తే గొడుగు, సన్‌స్క్రీను. ఇంతకూ ఏం పని చేస్తావు?"

కృప చెప్పింది. మందులు రాస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

బయట లేజరు ఒక్కసారికి తన జీతంలో సగం. అది ఒక్కసారితో అయ్యేది కాదు. దవాఖానా మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోను చేసింది. మోకాళ్లు అరిగి పచ్చళ్ల కంపెనీ పని మానేసిన మార్తమ్మ అంతా విని, "మొహం సంగతి దేవుడు సూస్తడు బిడ్డా. పని ఇడిసిపెట్టకు. ఇడిసిపెడితే కిరాయి ఎట్ల గడ్తం?" అని ఏడ్చింది.

ఇప్పుడు తెర వెనక త్రివేణి కూడా అదే మాట అడుగుతోంది. "పని గావాల్నా, వద్దా?"

కృప కావాలన్నట్టు తలూపింది.

అప్పుడే బోడుప్పల్ నుంచి శంకరమ్మ అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పిల్ల పేరు ఆశ. ఇంటర్ అయిపోయింది. హబ్సిగూడలో ఒక క్లినిక్కులో రిసెప్షను ఉద్యోగానికి పిలిచారట.

"మొహం జర తేటగుంటెనే తీస్కుంటరంట మేడం. ఎండల కూలికి బోయి నేను నల్లగయిన. ఇది గూడ నా లెక్కనే పుట్టింది," అన్నది శంకరమ్మ తప్పు చేసినట్టు. ఆశ కాళ్లవైపు చూస్తూ నిలబడింది. నున్నటి నల్లటి బుగ్గలు. ఒక్క మచ్చ లేదు.

త్రివేణి తెల్లడబ్బీ కౌంటరు మీద పెట్టింది. "ఫికర్ జేయకున్రి. మా పిల్ల గూడ గిదే రాస్తది. కృపా, ఇటు రా. జెప్పు."

కృప వచ్చి నిలబడింది. చెమటకు ఫౌండేషను కరిగి మెడ మీదికి కారుతోంది. ఆశ తలెత్తి ఆమెను చూసింది. నమ్మడానికి సిద్ధంగా ఉన్న చూపు అది.

"జెప్పవేందే?" త్రివేణి గొంతు తగ్గించింది.

కృప వాష్‌బేసిను దగ్గరికి వెళ్లింది. నల్లా తిప్పి దోసిట్లో నీళ్లు పట్టి ముఖం మీద పోసుకుంది, రంగంతా పోయేదాకా పోసుకుంది. తుడుచుకోకుండా అలాగే వెనక్కి తిరిగింది.

"రాయకు చెల్లె. గిదే రాసిన, గిట్లయిన."

శంకరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. బుగ్గలు పచ్చిపుండులా ఎర్రబడి ఉన్నాయి. వాటి నిండా సాలెగూడులా నాళాలు.

"దానికేదో రోగమున్నది మేడం, పొద్దుగాల దవాఖాన్ల జూపిచ్చుకోని వచ్చింది," అంటూ త్రివేణి కౌంటరు దాటి వచ్చింది. కృప బ్యాగును తనే తీసి ఆమె ఛాతీకి కొట్టినట్టు ఇచ్చింది. "నడువ్. మల్ల నా మెట్లెక్కకు."

కృప కిందికి దిగింది. వీధి తెల్లగా కాలుతోంది. చున్నీ ముఖానికి చుట్టుకుని మెట్ల కింది నీడలో ఒదిగి నిలబడింది. ఇంటికి పోయి అమ్మకు ఏమని చెప్పాలో తెలియలేదు.

కాసేపటికి శంకరమ్మ, ఆశ దిగి వచ్చారు. శంకరమ్మ చేతిసంచిలో డబ్బీ ఉంది. కృప చూపు దాని మీద పడగానే ఆమె సంచిని కొంగు కిందికి లాక్కుంది.

"నౌకరి దొరికేదాంక రాస్తం బిడ్డా. దొరకంగనే బంద్ జేస్తం."

"నేను గూడ గట్లనే అనుకున్న ఆంటీ."

శంకరమ్మ నిలబడలేదు. కూతురి రెక్క పట్టుకుని ఆటో వైపు గబగబా నడిచింది. ఆశ మాత్రం ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

కృపకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు తగిలి బుగ్గలు మరీ మండాయి. ఇంటికి పోదామని నీడలోంచి అడుగు బయటపెట్టింది. ఎదురుగా హాస్టలు పిల్లల్లా ఉన్న ఇద్దరు అమ్మాయిలు ఫోనులో దారి చూసుకుంటూ వచ్చారు.

"అక్కా, తెల్లక్రీమ్ ఇచ్చే పార్లర్ పైననేనా?"

కృప జరగలేదు. మెట్లకు అడ్డంగా నిలబడి, మిట్టమధ్యాహ్నపు ఎండలో చున్నీ ముడి విప్పింది.

"పైననే. పోయేముంగట జర నా మొహం సూడున్రి."